సగానికి తగ్గిన బిల్లు

మా కరెంటు బిల్లు సగానికి తగ్గిందని నేను అపార్ట్‌మెంటంతా టముకు వేస్తుంటే, ఎదురింటి టీచరు మొహం వేలాడేసుకుని వచ్చింది.

“మా బిల్లు రెట్టింపయింది అంకుల్. పగలంతా ఇంట్లో నరమానవుడుండడు!”

ముప్పయ్యేళ్లు మీటర్లు చూసి రిటైరైనవాణ్ణి. “మీటరు అబద్ధమాడదమ్మా. రేపు మధ్యాహ్నం నేను తేలుస్తా” అని మీసం మెలేశాను.

మా ఇంట్లో నాదే చట్టం. భూమి వేడెక్కిపోతోందని ఏసీకి దుప్పటి కప్పేశాను, వాషింగ్ మెషీన్ వైరు పీకేశాను, ఇస్త్రీపెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాను. మా ఆవిడా, అమ్మా కిక్కురుమనలేదు. పగలంతా నేను మాత్రం లైబ్రరీలో కూర్చుంటాను. అక్కడి ఫ్యాను బిల్లు మనది కాదు.

మర్నాడు మధ్యాహ్నం కింద చూస్తే, ఎదురింటి మీటరు గిర్రున తిరుగుతోంది. పైకొచ్చి వాళ్ల తలుపు నెట్టాను. తెరుచుకుంది. మొక్కలకు నీళ్లు పొయ్యమని టీచరు తాళంచెవి మా ఆవిడకే ఇచ్చిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

హాల్లో ఏసీ హోరు. సోఫాలో మా అమ్మ గుర్రు పెడుతోంది. వాషింగ్ మెషీన్‌లో నా చొక్కాలు తిరుగుతున్నాయి. నా ప్యాంటు ఇస్త్రీ చేస్తున్న మా ఆవిడ తలెత్తింది.

“ముందు ఆ తలుపెయ్యండి, చల్లగాలంతా పోతోంది. కరెంటు వృథా చెయ్యొద్దని మీరేగా చెప్పేది?”

తలుపు వేశాను. లోపలి నుంచే.