లిఫ్ట్

“నువ్వు వానికి లిఫ్ట్ ఇచ్చినవ్. ఇగ పోలీసోళ్లు నిన్ను లిఫ్ట్ చేస్తరు,” అన్నాడు బిచ్యా.

నవ్వుతూ అనలేదు. మేనల్లుడు జైరాం బండికి పాలక్యాన్లు కడుతుంటే పక్కన నిలబడి అన్నాడు. మామా అల్లుళ్లు తండా భాషలోనే మాట్లాడుకుంటారు. ఆ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం అక్కడా లిఫ్టే.

“ఎవడో ఎండల నడిచిపోతుండు మామా. చెయ్యెత్తిండు, ఆపిన. మణుగూరు అంగడి కాడ దించిన. గంతే.”

“ఊరు తెల్వదు, పేరు తెల్వదు. భుజాన సంచి. అడివిలకెల్లి వచ్చిండు. నీ చుట్టమా? అన్నల మనిషి కాకపోతే ఎవడు వాడు?”

“పన్నునొప్పోడు మామా. దారి పొడుగునా దవడ పట్టుకొనే కూసున్నడు.”

“ఆ పన్ను ముచ్చట లాకప్పుల చెప్పు.”

తండాలో అప్పటికే అందరూ తేల్చేశారు. జైరాం ఎక్కించుకున్నది అన్నల మనిషినే, అంటే నక్సలైట్ల మనిషినే. తేల్చినవాళ్లలో ఒక్కరూ అతని మొహం చూడలేదు. చూడనివాళ్లకే ఎక్కువ తెలుస్తుంది, లోకంలో ఎక్కడైనా అంతే.

జైరాం బండి తీశాడు. మణుగూరు కాలనీల వాళ్లకు పాలు అందాలి. మనిషిని లిఫ్ట్ చేస్తారని పాలు ఆగవు.

వాగు దాటి మలుపు తిరిగాడో లేదో, చెట్ల మధ్య నుంచి కొందరు వచ్చి బండికి అడ్డం నిలబడ్డారు. ఆకుపచ్చ బట్టలు. భుజాన తుపాకులు.

మామ నాలుక మీద మచ్చ ఉన్నట్టుంది అనుకున్నాడు జైరాం.

“నమస్తే సార్,” అన్నాడు దిగి.

“జైరాం నువ్వేనా? ఇట్ల రా. మాట్లాడేదుంది.”

బండిని పొదలోకి నెట్టించారు. తునికి చెట్టు కింద రాతి మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు. బడిపంతులు గొంతు.

“నిన్న నీ బండి మీద ఎవరు?”

“తెల్వదు సార్. లిఫ్ట్ అడిగిండు, ఇచ్చిన.”

“పేరు?”

“అడగలే సార్. పన్ను నొస్తుందన్నడు.”

పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు. నిజానికి ఎప్పుడూ ఆ గతే.

పెద్దాయన నవ్వలేదు. “లిఫ్ట్...” అని ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. “నేను ఒకప్పుడు ఇంగ్లీషు పాఠాలు చెప్పినోన్ని. గీ మాట చూడు. ఫోన్ ఎత్తినా లిఫ్టే. గోదావరి నీళ్లు మోటర్లతోని ఎత్తిపోసినా లిఫ్టే. దొంగోడు సామాను ఎత్తుకపోయినా లిఫ్టే. పెద్ద దవాఖానల మనుషుల్ని మీదికి తీసుకపోయే డబ్బా లిఫ్టే. తమాష ఏందంటే, కిందికి దింపినా దాన్ని లిఫ్టనే అంటరు. అసలు పుట్టుకల ఆ మాటకు గాలి, ఆకాశం అని అర్థమట. నేల మీద ఉన్నదాన్ని ఆకాశానికి లేపుడన్నట్టు.”

జైరాం తల పైకెత్తాడు. ఆకుల సందుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించింది.

“గిన్ని అర్థాలున్నయి గదా. నువ్విచ్చింది ఏ లిఫ్టు?”

గొంతు పెంచలేదు. ఇంతవరకూ ఒక్కడూ చెయ్యి చేసుకోలేదు. అదే భయంగా ఉంది. కొట్టేవాడు కొట్టి వదిలేస్తాడని తండాలో అంటారు. కొట్టనివాడి సంగతి ఎవరూ చెప్పరు, చెప్పడానికి వెనక్కి రారు గనుక.

ఉన్నమాట చెప్పి చూశాడు. అది నిలబడలేదు. ఇంటి దగ్గర భార్య బుజ్జి ఉంది. ఆమె ఒళ్లో ఇంకా పేరు పెట్టని బిడ్డ ఉంది. ఉన్నమాటను పట్టుకుని వేలాడే వయసు కాదు అతనిది.

“సార్, మీ కాడ దాసుడెందుకు? ఆయన పోలీసాయనే. మామూలు బట్టలల్ల వచ్చిండు.”

“గిప్పుడే తెల్వదంటివి?”

“బయట చెప్పొద్దన్నడు సార్. చెప్తనా మరి? మీరు గాబట్టి చెప్తున్న.”

“అంటే పోలీసోళ్లను నీ బండి మీద తిప్పుతున్నవ్.”

“అవ్ సార్. ఎప్పుడు పిలిస్తే అప్పుడు.”

“తిప్పుడేనా? ఇంకేమన్న చేస్తవా?”

“అడివిల కొత్తోళ్లు కనపడితే జల్దీ పోయి స్టేషన్ల చెప్త సార్. శానా దినాల సంది చెప్తున్న. నా అంత నమ్మకమైనోడు ఈ చుట్టుపట్ల దొరకడు.”

మొదటి అబద్ధానికి గొంతు పీలగా వచ్చింది. రెండోదానికి నిలబడింది. మూడోది చెప్పేసరికి అతనికే అది నిజమనిపించింది. ఇందాక నవ్వినవాడు ఇప్పుడు నవ్వడం లేదు. నమ్మాడన్నమాట అనుకున్నాడు జైరాం.

పెద్దాయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

“పన్నునొప్పి అన్నప్పుడే నిన్ను పంపిద్దామనుకున్న,” అన్నాడు. “ఆగి మంచి పని చేసిన.”

జైరాం చేతులు జోడించాడు. మొహం విప్పారింది.

“ఇగ పోవాల్నా సార్? ఎండకు పాలు విరుగుతయి సార్.”

“సార్ సార్ అనకు జైరాం,” అన్నాడు పెద్దాయన లేచి నిలబడుతూ, “ఈ అడివిల మమ్మల్ని అందరూ అన్నా అనే పిలుస్తరు.”