బండ్లు తిరగని దారి

“ఊపిరి బిగబట్టకండి” అంది భార్య, దర్జీ నడుం చుట్టూ అతని టేపే తిప్పి. “సైకిల్ కొన్నప్పుడు నలభై రెండు. ఇవాళా నలభై రెండే.”

“కొవ్వు కరిగింది, కండ పట్టింది. చెల్లుకు చెల్లు.”

ఆమె బళ్లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా అందరూ ఆమెను టీచరమ్మ అనే అంటారు.

“ఆదివారానికి ముప్పై కిలోమీటర్ల చొప్పున ఐదు నెలలు. ఒక్క అంగుళమైనా తగ్గాలి కదండీ” అని టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. “ఇవాళ నేనూ వస్తాను.”

“చెల్లెలింటికి వెళ్లవా? ప్రతి ఆదివారం వెళతావుగా.”

“దాని సైకిల్ నిన్ననే తెచ్చుకున్నాను.”

దర్జీ చుట్టిపెట్టిన టేపునే విప్పి మళ్లీ చుట్టాడు.

కిందటేడు అతను కొట్లో కుట్టుమిషను మీదే పడిపోయాడు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. ఊరు దాటగానే కొండల్లోకి పాత రైలు దారి ఒకటుంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు, కంకర మిగిలింది. బండ్లేవీ తిరగవు. పదిహేను కిలోమీటర్లు ఎక్కితే పాత స్టేషను వస్తుంది. కంకర మీద జారని లావు టైర్ల సైకిల్ టీచరమ్మే వెతికి కొనిచ్చింది.

మొదటి ఆదివారం ఈల వేసుకుంటూ బయలుదేరాడు. మొదటి వంతెన దాటేసరికి గుండె దడదడలాడింది. దిగి చుట్టూ చూశాడు. మనిషి లేడు, మేక లేదు. ఇక్కడ పడిపోతే మళ్లీ ఆదివారం దాకా ఎవరికీ తెలియదనిపించింది. వెనక్కి తిరిగేశాడు. భయపడ్డానని ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. అప్పటినుంచి దారి మొదట్లో ఉన్న, మూతబడ్డ కలప అడితిలో తలుపు వేసుకుని, కాపలాదారుతో క్యారమ్స్ ఆడి, టైర్లకు కాస్త బురద పూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నాడు.

ఆ కాపలాదారు, ఇవాళ మనిషి ఇంకా రాలేదేమని గేటు బయటే నిలబడి ఉన్నాడు. దర్జీని చూసి చెయ్యెత్తబోయి, వెనక టీచరమ్మ కనబడగానే ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

“ఎవరాయన?” అంది ఆమె.

“ఎవరో మరి. పాపం, పనీపాటా ఉన్నట్టు లేదు.”

మొదటి వంతెన దాటాక దర్జీకి అంతా కొత్తే.

“తర్వాత ఏమొస్తుందండీ?”

“మలుపు” అన్నాడు, కొండదారిలో మలుపు రాకపోతుందా అన్న ధైర్యంతో.

మలుపు వచ్చింది. దాని వెనకే కటిక చీకటితో నోరు తెరుచుకుని సొరంగం వచ్చింది.

“సొరంగం ఉందని ఎప్పుడూ చెప్పలేదే.”

“చిన్నదే కదా అని.”

అవతలి వెలుతురు కనబడనంత పొడవుంది. టీచరమ్మ సంచిలోంచి టార్చి తీసి హ్యాండిల్‌కి కట్టింది. టీచర్ల సంచుల్లో లేనిదంటూ ఉండదని దర్జీ సరిపెట్టుకుని ఆమె వెలుగు వెనకాలే బుద్ధిగా తొక్కాడు.

ఆ తర్వాత ఎక్కుడు మొదలైంది. అతని రొప్పు అతనికే వినిపిస్తోంది. ఆమె మాత్రం కూరగాయలకు వెళుతున్నంత తీరిగ్గా తొక్కుతోంది. మనిషి తేలిక మరి, అనుకున్నాడు. ఈ మధ్య ఆమె బట్టలు తనే రెండుసార్లు బిగించి కుట్టాడు.

“ఆగుదామా?” అంది ఆమె.

“నాకోసమైతే అక్కర్లేదు. నీకోసమైతే ఆగుదాం.”

“నాకోసమే.”

దారి పక్కన రాతి మీద కూలబడ్డాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

“నూట ఇరవై. ఎక్కేటప్పుడు అంత ఉండాలనే అన్నారు డాక్టరుగారు.”

“ఉండాలా?”

“ఉండాలి. భయపడాల్సింది కాదు.”

ఐదు నెలలుగా క్యారమ్ బోర్డు ముందు కూర్చోబెట్టిన దడ ఇదేనా అనుకున్నాడు దర్జీ. ఆమె చెయ్యి ఇంకా మణికట్టు మీదే ఉంది.

“నీకో మాట చెప్పాలి” అన్నాడు.

“పైకెళ్లాక చెబుదురుగాని. ఇంకా నాలుగు కిలోమీటర్లే.”

“నీకెలా తెలుసు?”

“మీరు కూర్చున్నది కిలోమీటరు రాయే.”

లేచి చూశాడు. పదకొండు అని ఉంది.

చివరి నాలుగూ ఎలా తొక్కాడో అతనికే తెలియదు. రెండుచోట్ల దిగి నడిచాడు, ఒకచోట సైకిల్‌తో సహా పొదలోకి వెళ్లొచ్చాడు. ఆఖరి మలుపు తిరిగేసరికి కొండల నడుమ, పెంకులు ఊడిన చిన్న స్టేషను కనిపించింది. కింద లోయంతా పరిచిన గుడ్డ తానులా ఉంది. తన కాళ్లే తనను ఇంత ఎత్తుకు తెచ్చాయంటే నమ్మలేకపోయాడు. చెమట తుడుచుకుని, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని టీచరమ్మ వైపు తిరిగాడు.

“ఈ ఐదు నెలలూ నేను...”

అంతలో స్టేషను లోపల్నుంచి దగ్గు వినిపించింది. టీ కెటిల్ పట్టుకుని ఒక ముసలామె బయటికొచ్చింది.

ఇక్కడ మనిషి ఉంటుందని దర్జీ కలలో కూడా అనుకోలేదు. ప్రతివారం వచ్చేవాణ్ణి ఈమె గుర్తుపట్టకపోతే ఎలా? చెప్పాలనుకున్న నిజం కాస్తా అక్కడికక్కడే ఆవిరైపోయింది. తనే ముందు అందుకున్నాడు.

“ఏమ్మా, కులాసానా? ఈవారం మాకు కాస్త ఆలస్యమైందిలే.”

ముసలామె అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. రెండు గ్లాసుల్లో టీ పోసి, టీచరమ్మ వైపు తిరిగింది.

“ప్రతి ఆదివారం మీరు వెతికే మనిషి ఈయనేనా, టీచరమ్మా?”