మధ్యలో ఆగిన కాంతి

"ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం కట్టుకున్నదాన్ని కింద పడేస్తావా?" అంటూ మామగారు అల్లుడి కాలర్ పట్టుకున్నారు.

కంట్రోల్ రూమ్‌లో అందరి ముందూ అల్లుడు కాలర్ విడిపించుకోకుండా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. దాంతో ఆయన ఒళ్ళు ఇంకా మండిపోయింది.

ఆ రాకెట్‌లో ఇంధనం ఉండదు. నేలమీది అద్దాల నుంచి లేజర్ కాంతి దాని అడుగున పడి, అక్కడి గాలిని భగ్గుమనిపించి పైకి నెడుతుంది. కాంతి ఉన్నంతసేపే ప్రయాణం. ఆ అద్దాలన్నీ దగ్గరుండి బిగించింది మామగారే. కింద కూర్చుని కాంతిని గురి తప్పకుండా నిలిపేది అల్లుడు. పైన రాకెట్‌లో ఉన్నది ఆయన ఒక్కగానొక్క కూతురు. కాంతి పక్కకు జారితే రాకెట్టే కాలిపోతుందని, ఆపే మీట కింద ఒకటి, పైన ఒకటి పట్టుబట్టి పెట్టించింది కూడా ఆయనే.

ఈ ఉదయం దారి తప్పిన విమానం ఒకటి అడ్డంగా వచ్చింది. అల్లుడు మైకులో "విమానం, విమానం" అని అరవడం బయట వరండాలో ఉన్న ఆయనకీ వినిపించింది. మరుక్షణం కాంతి ఆగిపోయింది. విమానం క్షేమంగా దాటిపోయింది. రాకెట్ సముద్రంలో పడింది. పారాచూట్ విచ్చుకుందో లేదో ఎవరికీ తెలియదు. వెతకడానికి పడవలు వెళ్ళాయి.

ఇంత రాతిగుండె వాడికి పిల్లనిచ్చి, చేతులారా దాని గొంతు కోశానని ఆయన నోటికొచ్చినట్టు తిట్టారు. ఆపకపోతే విమానంలో వాళ్ళంతా పోయేవారని ఎవరో సర్దిచెప్పబోతే వాళ్ళనీ కడిగేశారు.

ఇంతలో ఫోన్ మోగింది. పడవవాళ్ళు ఆమెను బయటికి తీశారట. కాలు విరిగిందిగానీ ప్రాణానికి భయం లేదట. మామగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నారు.

"దాని ఆయుష్షు గట్టిది కాబట్టి బతికింది, నీ పుణ్యాన కాదు. ఆ మీట నొక్కిన చెయ్యి పడిపోను."

అల్లుడు అప్పుడు తలెత్తాడు.

"నన్నెన్నయినా అనండి మామయ్యా, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోండి. మీట మీద చెయ్యి వేశాను. నొక్కలేకపోయాను."

మరి నొక్కిందెవరని ఆయన గద్దించారు.

"మీ అమ్మాయి."