నడిరోడ్డు మీద బువ్వ

"ఆ గంటె కింద పెట్టు కమలా. అన్నం నువ్వు ముట్టకు" అంది ప్రేమలత.

కమలాబాయి చెయ్యి అన్నం గంజు మీదే ఆగిపోయింది.

దంతాలపల్లిలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, తెలంగాణ కోసం వంటా వార్పు చేస్తున్న రోజు అది. బస్సులు నడవడం లేదు, బడులు తెరవడం లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి జనం వచ్చి రోడ్డు మీదే కూర్చున్నారు. ఆడవాళ్ల పనులన్నీ ప్రేమలతే చూస్తోంది. భూములున్న ఇంటి కోడలు, ఆమె ఒక మాటంటే కాదనేవాళ్లు లేరు.

"ఏమైందక్కా? పొద్దుగాల్నుంచి కట్టెలు మోసిన, నీళ్లు మోసిన. అప్పుడు లేంది వడ్డిస్తుంటే ఏమొచ్చింది?"

ప్రేమలత గొంతు తగ్గించింది. "నాకేం లేదు. అంటుకుంటదని ఆడోళ్లే జంకుతున్నరు. నీకొచ్చిన రోగం అసొంటిది గదా."

కమలాబాయికి వచ్చింది రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్ దవాఖానలో ఒక రొమ్ము తీసేశారు. మందులకు జుట్టంతా రాలి, మళ్లీ మొలిచింది. ఆ దవాఖాన మంచంలో పడి ఉన్నన్నాళ్లూ మొక్కిన దేవతలందరినీ తిట్టిపోసింది. పక్క మంచంలో తన ఈడుదే ఒకామె ఉండేది. గడ్డ ఉన్న సంగతి సిగ్గుపడి చాలాకాలం ఎవరికీ చెప్పలేదట. ఆమెను బట్ట కప్పి తీసుకుపోతుంటే చూసినప్పుడు కమలాబాయికి ఒకటి గట్టిగా అనిపించింది. తండా కొలిచే తల్లి తుల్జా భవాని తనను ఊరికే బతికించలేదు.

ఇంటికి వచ్చి కాస్త ఓపిక చిక్కగానే తండాలు తిరగడం మొదలుపెట్టింది. గడ్డ తగిలితే దాచుకోవద్దని, దవాఖానకు పోతే బతుకుతారని ఆడవాళ్లకు చెప్పాలని ఆమె ఆరాటం. ఆమెను చూడగానే తలుపులు మూసుకునేవి. ఇవాళ ఇంతమంది ఆడవాళ్లు ఒక్కచోట దొరికారు, నాలుగు మెతుకులు పెట్టి ఆ మాట చెవిన వేద్దామని వచ్చింది. తన చేతి అన్నమే వద్దన్నవాళ్లు తను చెప్పే మాట వింటారా?

ఆమె గంటె వదల్లేదు. ప్రేమలతా కదల్లేదు. వరుసలో కూర్చున్నవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు.

అప్పటిదాకా వేదిక మీద మైకులో మాట్లాడుతున్న గోపాల్ ఆగాడు. అతను కమలాబాయి మొగుడు, వాళ్ల తండా ఉద్యమ కమిటీకి నాయకుడు. ఎవరో వెళ్లి చెవిలో సంగతి చెప్పారు. మైకు చేత పట్టుకునే దిగి వచ్చి, ఒక విస్తరాకు తీసుకుని భార్య ముందు చాపాడు.

"పెట్టు" అన్నాడు.

ఆమె అన్నం పెట్టింది, పప్పు పోసింది. గోపాల్ అందరి ముందూ రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కలుపుకుని, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. మూతి తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"తెలంగాణ వస్తే అందరం ఒక్క వరుసల కూసోని తినాలె. నా పెండ్లాం చేతి బువ్వ తిననోళ్లకు తెలంగాణ అడిగే హక్కు లేదు."

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ప్రేమలత తల వంచుకుని తనే మొదట ఆకు పట్టింది. ఆమె వెనకాల ఆడవాళ్లంతా లేచారు. కమలాబాయి అందరికీ వడ్డించింది. పక్కకు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది.

తిన్నాక ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. గడ్డ ఎట్లా ఉంటుందో, ఎక్కడ తడిమి చూసుకోవాలో ఆమె చెప్పింది. మొదట కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. అందరూ లేచి పోతుండగా శారద అనే పిల్ల, చంకలో పసిబిడ్డతో, మిగిలిపోయింది. చుట్టూ చూసి కమలాబాయి చెయ్యి పట్టుకుని తన రవిక పక్కన అదిమిపెట్టింది. వేళ్లకు గడ్డ తగిలింది.

"నాతోని దవాఖానకు వస్తవా అక్కా? ఇంట్ల చెప్పాలంటె భయమైతంది."

"వస్త. నీ పక్కన్నే ఉంట" అంది కమలాబాయి.

ఈ మాట ముందు మొగుడికి చెప్పాలనిపించింది. అతను తినకపోతే ఇవాళ ఈ పిల్ల నోరు విప్పేది కాదు. శారదను కూర్చోమని, అతన్ని వెతుక్కుంటూ పోయింది. రోడ్డు పక్కన నిలిచిపోయిన లారీ వెనకాల అలికిడైంది.

గోపాల్ వంగి ఉన్నాడు. గొంతులో రెండు వేళ్లు పెట్టుకుని తిన్నదంతా కక్కుతున్నాడు. అంతా పోయాక ఇంకోసారి వేళ్లు పెట్టుకున్నాడు. సీసాలో నీళ్లతో నోరు పుక్కిలించి, నాలుక గీకి, మళ్లీ పుక్కిలించాడు.

దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి ఇంట్లో వంట అత్త చేస్తోంది. గోపాలే అట్లా ఏర్పాటు చేశాడు. తనను ఆరామ్‌గా ఉండమన్నాడని కమలాబాయి కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకుని మురిసింది.

అతను తలెత్తి చూశాడు. "ఎండకు కడుపుల తిప్పింది కమలా" అన్నాడు.

ఆమె లారీకి చెయ్యి ఆనించి నిలబడింది. రొమ్ము తీసేసిన చోట మళ్లీ కత్తి పెట్టినట్టయింది. అవతల శారద బిడ్డ ఏడుస్తోంది. శారద జోకొడుతూ, ఈమె వస్తుందేమోనని ఇటే చూస్తోంది.

కమలాబాయి సీసా అందుకుని అతని చేతుల మీద నీళ్లు పోసింది.

"రేపు మానుకోటల గూడ వంటా వార్పు ఉన్నది" అంది. "నువ్వు తింటెనే ఆడోళ్లు నా మాట ఇంటున్నరు. ఆడ గూడ గిట్లనే అందరి ముంగట కూసోని తిను. కక్కేటప్పుడు మాత్రం ఇంక జర దూరం పో."