తొంభై రెండో పేజీ

దసరా పూజ అప్పుడే అయింది. సంగమేశ్వర్ కొబ్బరికాయ కొట్టి చేతులు తుడుచుకుంటున్నాడు. అంతలో ఎవరో ముసలాయన దుకాణం మెట్టెక్కి, పూజలో ఉన్న పుస్తకం మీద చెయ్యి వేయబోయాడు.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? పూజల ఉన్నది కనబడ్తలేదా?"

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాసిన తెల్లచొక్కా, భుజాన సంచి. ఏ బస్సు దిగి వచ్చాడో, మోకాళ్ల దాకా దుమ్ము.

"ఒక్క పేజీ దిద్దాలి బాబూ. తొంభై రెండో పేజీ. రెండు నిమిషాల పని" అంటూ జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీశాడు.

నారాయణఖేడ్‌లో రేడియో మూగబోతే సంగమేశ్వర్ దగ్గరికే రావాలి. ఆ సంగమేశ్వర్‌కు పని నేర్పిన మనిషంటూ లేడు, ఆ పుస్తకమే నేర్పింది. పదేళ్ల కింద జోగిపేట సంతలో పాత సామాన్ల కుప్పలో దొరికింది. అట్టలు లేవు, రాసినాయన పేరున్న పేజీ కూడా లేదు. ఇవాళ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే దాని పుణ్యమే. అందుకే ప్రతి దసరాకు టెస్టర్, పట్టకార్లతో పాటు దానికీ పసుపు కుంకుమ పెడతాడు. పూజలో పెట్టినదాన్ని తెల్లారేదాకా కదిలించకూడదు. అలాంటిది, దారిన పోయే దానయ్య ఎవడో వచ్చి దాని మీద ఎర్రగీత పెడతానంటే ఊరుకుంటాడా?

"గా పుస్తకంల తప్పు తీసేటంతటోనివా నువ్వు?"

"అచ్చులో తప్పు పడింది బాబూ. కరెంటుతో రేడియో నడిపే డబ్బా బొమ్మలో ఒక గీత ఎక్కువ వేశారు. అలాగే తీగ కలిపితే, ప్లగ్గు తిప్పి పెట్టిన రోజు డబ్బా రేకుకంతా కరెంటు వస్తుంది. పట్టుకున్న మనిషి బతకడు."

"గదే బొమ్మ సూసి నేను చేసిన. నాగల్‌గిద్దల మా చెల్లెకు ఇచ్చిన. మూడేండ్ల సంది మంచిగ నడుస్తుంది."

ముసలాయన మొహం పాలిపోయింది.

"ఇన్నాళ్లూ ప్లగ్గు ఒకే తీరుగా పెట్టి ఉంటారు. దాన్ని ముట్టుకోవద్దని ఇవాళే కబురు పెట్టు. చెల్లెలి పేరేమిటి?"

"ఇంద్రమ్మ. వీరప్ప ఇల్లంటె ఎవలన్న చెప్తరు. ఏంది, నువ్వే పోయి సూసొస్తవా?" వెటకారంగా అన్నాడు సంగమేశ్వర్. "పండుగ పూట చావు ముచ్చట్లు చెప్పకు. ఇగ నడువ్."

"రేపు పూజ ఎత్తాకైనా టెస్టర్ పెట్టి చూడు నాయనా."

ముసలాయన మెట్టు దిగి వెళ్లిపోయాడు. పండగ పూట గడప తొక్కిన మనిషి. గ్లాసెడు మంచినీళ్లు ఇచ్చాడా అంటే అదీ లేదు.

మర్నాడు పూజ ఎత్తగానే సంగమేశ్వర్ తన దుకాణంలో ఉన్న డబ్బా తీశాడు. చెల్లెలికి చేసిననాడే అలాంటిదే ఒకటి తనకూ చేసుకున్నాడు. ముసలాయన మాట ఉత్తదని తేల్చేద్దామనే తీశాడు.

ప్లగ్గు తిప్పి పెట్టి, రేకుకు టెస్టర్ ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

దుకాణం మూయకుండానే నాగల్‌గిద్ద బస్సెక్కాడు. 'బోరంచ నల్లపోచమ్మ తల్లీ, నా చెల్లెను కాపాడు. బోనం పెడ్త' అని దారి పొడుగునా మొక్కుతూనే ఉన్నాడు.

వీరప్ప ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. అరుగు మీద తెల్లగుడ్డ కప్పిన శవం.

సంగమేశ్వర్ అక్కడే కూలబడ్డాడు. "నేనే సంపిన. నా చేతులతోని నేనే సంపిన" అని నేల గుద్దుకున్నాడు.

"అన్నా, ఏమైందే?"

ఇంద్రమ్మ. జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సంగమేశ్వర్ ఆమె తల, భుజాలు తడిమి తడిమి చూసుకున్నాడు.

"నువ్వు పంపిన తాతనే అన్నా" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నిన్న పొద్దుగూకంగ వచ్చిండు. బస్సు లేదంట, సగం తొవ్వ నడిచిండంట. 'మీ అన్న డబ్బా సూసి రమ్మన్నడమ్మ' అన్నడు. పండుగ సున్నాలకు పీకిన ప్లగ్గు పొద్దుగాలనే మల్ల పెట్టినం, తిరగేసి పెట్టినమేమో, ఇంక పాటలు పెట్టలె. తాత టెస్టర్ ఆనిస్తె వెలిగింది. ప్లగ్గు పీకి, లోపల ఒక తీగ కోసేసిండు. 'మీ అన్న పనిల తప్పు లేదమ్మ' అన్నడు. రొట్టె తినమంటె పొద్దుగాల తింట అని గిక్కడనే పండుకుండు. తెల్లారి లేపితె లేవలె."

ఇంద్రమ్మ భర్త వీరప్ప ముసలాయన సంచి తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఎవలకు కబురు పెట్టాలె బావా? ఏమన్న రాసి ఉన్నదేమో సూడు."

సంచిలో ఒక జత బట్టలు, రేడియో దుకాణాలున్న ఊళ్ల పట్టీ ఉన్నాయి. మెదక్, జోగిపేట, జహీరాబాద్, అన్నీ ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి. నారాయణఖేడ్ ఒక్కటే మిగిలింది. అడుగున నలిగిపోయిన కార్డు ఒకటి. సంగమేశ్వర్ పైకే చదివాడు.

"మాస్టారుగారికి నమస్కారం. మీరు రాసిన రేడియో పుస్తకం తొంభై రెండో పేజీ చూసి చేసిన డబ్బా పట్టుకొని మా తమ్ముడు చనిపోయినాడు. మిమ్మల్ని అనడానికి రాయడం లేదు, మా ఇద్దరికీ పని నేర్పింది మీ పుస్తకమే. మిగిలినవాళ్లకైనా చెప్పండి."

"ఎవలు బావా ఈయన?" అన్నాడు వీరప్ప.

సంగమేశ్వర్ ముసలాయన పాదాల మీద తల పెట్టాడు.

"నాకు పని నేర్పినాయన వీరప్పా. నిన్న నా దుకాణంలకెల్లి ఎల్లగొట్టిన."