వేడ్ టోబిన్ కుడి తొడ

మొదటి గుద్దుకి డాక్టర్ హావ్రిలాక్ కళ్లజోడు పగిలింది. రెండో గుద్దుకి కనుబొమ చిట్లింది. మూడోది పడకముందే ఇద్దరు నర్సులు వేడ్ టోబిన్‌ని మంచానికి అదిమిపట్టారు.

“కాలు బాగుచేస్తానని చెప్పి మొద్దు చేసి పెట్టింది,” అంటూ అతను బూతులు అందుకున్నాడు.

అతని కోపంలో అబద్ధం లేదు. వేడ్ పిట్స్‌బర్గ్‌లో ఒక బార్ గుమ్మం దగ్గర కాపలా ఉండేవాడు. గుర్తింపు కార్డులో వయసు చూసి లోపలికి పంపడం, తాగి గోల చేస్తే మెడపట్టి గెంటడం అతని పని. అక్టోబర్‌లో ఒక సాయంత్రం, బార్ వెనక కార్లు ఆపేచోట ఎవడో అతన్ని తుపాకీతో కాల్చి పారిపోయాడు. తొడలో పిడికెడు కండ ఎగిరిపోయింది. ఎవడని పోలీసులు అడిగితే, రోజూ పదిమందిని గెంటుతాను, ఎవడని చెప్పను, అన్నాడు.

అతన్ని వెతుక్కుంటూ ఆస్పత్రికి వచ్చింది హావ్రిలాకే. పోయిన కండని మళ్లీ పెంచే పరిశోధన ఆవిడది. తీగకి పందిరి వేసినట్టు గాయంలో సన్నటి అల్లిక పెట్టి, దానిమీదికి రోగి కణాలనే పాకిస్తుంది. వేడ్‌కి మొదట ప్లాస్టిక్ అల్లిక పెట్టింది. కణాలు బాగానే పెరిగాయి, కండగా కాదు, మచ్చగా. తొడ రాయిలా బిగుసుకుపోయింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడే ఈ దెబ్బలు.

కేసు పెట్టమంది ఆవిడతో పనిచేసే నదీన్. హావ్రిలాక్ ఒప్పుకోలేదు. కనుబొమకి కుట్లు వేయించుకుని మర్నాడు మళ్లీ అతని మంచం దగ్గరికే వచ్చింది.

“కణాలకి కళ్లుండవు వేడ్. కాళ్లకింద ఏముందో పట్టి లాగి చూస్తాయి. గట్టిగా తగిలితే మచ్చగా మారిపోతాయి. మెత్తగా సాగితే కండవుతాయి. నేను గట్టిది వేశాను. తప్పు నాది.”

“మా వీధిలో పెరిగినవాడికి ఇది ఒకళ్లు చెప్పాలా,” అన్నాడు వేడ్.

తొడ మళ్లీ కోశారు. మచ్చంతా చెక్కి తీశారు. ఈసారి పంది మూత్రాశయాన్ని శుభ్రంగా కడిగి, దాని కణాలన్నీ పోగొట్టి, మిగిలిన మెత్తటి పొరని పెట్టారు. కణాలు కండగా మారాలంటే ఆ పొరని రోజూ సాగదీయాలి. అందుకని కుట్లు పచ్చిగా ఉండగానే కాలు వంచడం మొదలుపెట్టారు.

వేడ్ పశువులా అరిచేవాడు. కట్టులోంచి నెత్తురు కారేది. నోట్లో పెట్టిన తువ్వాలు కొరికి చింపేవాడు. ఒకరోజు చేతికర్ర విసిరితే కిటికీ అద్దం బద్దలైంది. అయినా హావ్రిలాక్ పక్కనుంచి కదిలేది కాదు.

నొప్పి తట్టుకోవడానికి అతనికి ఒకటే మందు. ఆవిడ మొహంలోకి చూస్తూ పళ్లు నూరుతూ అనేవాడు:

“ఈ కాలు పరిగెత్తిన రోజు ఇనపరాడ్‌తో నన్ను కాల్చినవాడి మోకాళ్లు రెండూ విరగ్గొడతాను. అమ్మా, అమ్మా అని వాడు ఏడుస్తుంటే పక్కన కూర్చుని వింటాను.”

వాడి మొహం చూశావా అని ఆవిడ చాలాసార్లు అడిగింది. అతను నవ్వేసేవాడు.

ఇలాంటివాడికి కాలిచ్చి ఎవడి మీదికి ఉసిగొల్పుతున్నావని నదీన్ కోప్పడింది. హావ్రిలాక్ పాలిపోయిన మొహంతో వింది.

“కాలివ్వడం వరకే నా చేతిలో ఉంది,” అని మళ్లీ పనిలో పడింది.

ఫిబ్రవరిలో చర్మం కింద కొత్త కండ అదిరింది. మార్చిలో చేతికర్ర వదిలేశాడు. మే నెలలో ఒక ఉదయం ఆస్పత్రి వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిగెత్తాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. హావ్రిలాక్ మాత్రం గోడకి జారగిలబడి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

వేడ్ రొప్పుతూ వెనక్కి వచ్చాడు. ఆవిడ జబ్బ పట్టుకుని లేపి నిలబెట్టాడు. తెల్లకోటు మీద కుట్టిన ఆవిడ పేరుమీద వేలు ఆనించి, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

“మీ అబ్బాయిని ఇక దాచక్కర్లేదు డాక్టర్‌గారూ, నన్ను కాల్చినవాడి కార్డు చూసి ఆ సాయంత్రం బార్ లోపలికి పంపింది నేనే, దానిమీదా ఈ ఇంటిపేరే ఉంది.”