వెలుగు తోసిన నీళ్లు

"పలకల పెట్టె బల్ల మీద పెట్టేసి వెళ్లండి" అంది పరిశోధకురాలు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే.

పెద్దాయన పెట్టె పెట్టాడు కానీ, వెళ్లలేదు.

ఆమె ముందున్న గాజుపలకలో వెంట్రుకంత కాలువ. అడుగున కంటికి ఆనని బంగారు నలుసులు. లేజరు వెలుగు పడితే అవి వేడెక్కాలి, ఆ వేడికి నీరు పరుగెత్తాలి. పంపు అక్కర్లేదు. పుస్తకంలో అంతా బాగానే ఉంది.

కాలువలో మాత్రం ఓ గాలిబుడగ అలిగిన అల్లుడిలా బైఠాయించింది. తను కదలదు, నీటిని కదలనివ్వదు.

ఈ పరిశోధన సాగాలో వద్దో తేల్చే కమిటీ నాలుగింటికి వస్తుంది. అప్పటికీ నీరు కదలకపోతే మూడేళ్ల పని అటకెక్కినట్టే.

"ఏ నీళ్లు పోశారమ్మా?" అడిగాడు పెద్దాయన.

"శుద్ధి చేసినవే. మచ్చుకైనా మలినం ఉండదు."

"మలినం ఉండదు తల్లీ, గాలి కరిగి ఉంటుందిగా. బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి పోయండి."

"చంటిపిల్లకు పట్టడానికా?"

ఆయన నవ్వాడు. "ఒక్కసారి అందులోంచి చూడనిస్తారా?"

"ఇదేమన్నా సినిమానా బాబాయ్? రసీదు మీద సంతకం పెట్టేశాగా."

"అలాగేనమ్మా."

తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లాడు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమెకు తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, గాజుకుప్పెలో నీళ్లు మరగబెట్టింది.

చల్లారాక కొత్త పలకలో నింపి, వెలుగు వేసింది.

వేడికి బుడగ పుట్టింది, కానీ పెరగలేదు. నలుసంతే ఉండి, వణుకుతూ, చుట్టూ నీటిని చిలకసాగింది. నీటి కదలిక కనిపించడానికి కలిపిన సన్నటి పూసలు రెండు సుడులై తిరిగి, కాలువ పొడవునా దూసుకుపోయాయి. వెలుగు తీస్తే ఆగాయి. వేస్తే పరుగు.

వెలుగుకు చేతులుంటాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

నాలుగింటికి కమిటీ పెద్దలు ఒక్కొక్కరే వంగి చూశారు. నోరు తెరిస్తే మూయని అధ్యక్షుడు చాలాసేపు కన్ను తీయలేదు. తీసి, "ఇంకోసారి వెయ్యవా అమ్మా" అన్నాడు మెల్లగా.

మూడేళ్ల పని గట్టెక్కింది. వాళ్లు మెట్లు దిగకముందే ఆమె పలకల కంపెనీకి ఫోన్ చేసింది.

"ఇంకో ఇరవై పంపండి. పొద్దున వచ్చినాయనతోనే పంపండి, ఆయనకొకటి చూపించాలి."

"ఆయన నాలుగింటి రైలుకు వాళ్లమ్మాయి దగ్గరికి వెళ్లిపోయారు మేడమ్" అంది అవతలి అమ్మాయి. "ఇక రారు."

"అయ్యో. పోనీ, డెలివరీకి వేరే మనిషిని పంపండి."

"ఆయన డెలివరీ మనిషి కాదు మేడమ్, పదిహేనేళ్లుగా మా పలకలన్నిటికీ, మీవాటికీ బంగారం పూసింది ఆయనే, చూపు పూర్తిగా పోయేలోగా అవి పని చేస్తుంటే ఒక్కసారి చూడాలని, ఆఖరి పెట్టె తనే తీసుకొచ్చారు."